కుక్కలు పాడిన జింగిల్ బెల్స్

ఒరేయ్ శీనూ,

ఇన్నాళ్లూ ఉత్తరం రాయలేదని తిడతావని తెలుసు. తిట్టుకో, కానీ ముందు ఇది చదువు. డిసెంబరు వచ్చిందంటే ఎటు తిరిగినా అవే నాలుగు క్రిస్మస్ పాటలు కదా. వినీ వినీ విసుగొచ్చి, ఎవరూ వెయ్యని రికార్డులు వెతకడం మొదలుపెట్టాను. వారం రోజులుగా నిద్ర లేదురా.

అన్నిటికంటే ముందు కుక్కల సంగతి చెప్పాలి. కార్ల్ వైస్‌మన్ అని డెన్మార్క్ ఆయన, పక్షుల కూతలు రికార్డు చేసేవాడు. ఎంత జాగ్రత్తపడినా మధ్యలో ఏదో ఒక కుక్క మొరిగేది, రికార్డింగ్ పాడయ్యేది. మనమైతే చిరాకుపడి పారేస్తాం. ఆయన ఆ మొరుగుళ్లనే టేపులోంచి కత్తిరించి దాచుకున్నాడు. ఏ భౌభౌ ఏ స్వరానికి సరిపోతుందో చూసి, ముక్కలు అతికించి జింగిల్ బెల్స్ తయారు చేశాడు! 1955లో అమెరికాలో రికార్డుగా వచ్చింది. కంప్యూటర్లు లేని రోజుల్లో ఎంత ఓపికరా బాబూ. మొదటిసారి వింటే నవ్వొస్తుంది. రెండోసారి వింటే మాత్రం, ఒక్క భౌ కూడా తాళం తప్పలేదని తెలిసి నోరు మూసుకుంటాం.

అదే జింగిల్ బెల్స్ అంతరిక్షంలోనూ మోగింది. 1965 డిసెంబరు 16న అమెరికా వాళ్ల జెమిని 6 నౌకలో ఉన్న వ్యోమగాములు వాలీ షిర్రా, టామ్ స్టాఫర్డ్ కింద భూమ్మీది వాళ్లకు సీరియస్‌గా ఓ కబురు చెప్పారు: ఉత్తరం నుంచి దక్షిణానికి ఏదో వస్తువు పోతోందని. అంటే క్రిస్మస్ తాత బండి అని వాళ్ల హాస్యం! ఆ వెంటనే షిర్రా బుల్లి మౌత్ ఆర్గాన్ తీశాడు, స్టాఫర్డ్ చిరుగంటలు ఊపాడు. ఎవరికీ తెలియకుండా దాచి పట్టుకెళ్లార్ట! అంతరిక్షంలో మోగిన మొదటి వాయిద్యాలు అవే. రేడియోలో గరగరల మధ్య ఆ వాయింపు వినాలి నువ్వు. సంగీతంగా చూస్తే ఏమీ లేదు, అల్లరి మాత్రం నిండుగా ఉంది.

ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్ వాళ్లూ తక్కువేం తినలేదు. 1963 నుంచి 1969 దాకా ఏటా అభిమాన సంఘం సభ్యులకు ఒక పల్చటి ప్లాస్టిక్ రికార్డు ఉచితంగా పంపేవారు. అందులో పాటలు తక్కువ, పిచ్చి మాటలు, వెకిలి నవ్వులు ఎక్కువ. చివరి రెండేళ్లూ నలుగురూ ఎవరి ముక్క వాళ్లు విడివిడిగా రికార్డు చేసుకున్నారు. అవి వింటుంటే నాకు కొంచెం దిగులేసింది, నిజం చెప్తున్నా.

స్టార్ వార్స్ సినిమా పేరుతోనూ 1980లో ఒక క్రిస్మస్ ఆల్బమ్ ఉంది. భరించలేం. కాకపోతే అందులో ఓ పాట పాడిన కుర్రాడు తర్వాత జాన్ బాన్ జోవీ అనే పేరుమోసిన రాక్ గాయకుడయ్యాడు, ఆ ఒక్కటి విను.

ఇంకోటి మర్చిపోయా! 1953లో గేలా పీవీ అనే పదేళ్ల పిల్ల, క్రిస్మస్‌కి నాకు నీటిగుర్రమే కావాలి అని గొంతు చించుకుని పాడింది. జనం చందాలేసుకుని నిజంగానే ఒకటి కొనిచ్చారు. ఆ పిల్ల దాన్ని ఓక్లహోమా సిటీ జూకి ఇచ్చేసింది. దాని పేరు మెటిల్డా.

నువ్వు ముందు కుక్కల పాట విను. ఇంట్లోవాళ్లు ఏమన్నారో రాయి.

నీ,
గోపి