వార్షిక నివేదిక: హీరోలిద్దరి మధ్య చెప్పని మాట

సభ్యులందరికీ నమస్కారం.

గత ఏడాది మన ఫిల్మ్ సొసైటీ చేసిన పనుల వివరాలను కార్యవర్గం తరఫున మీ ముందు పెడుతున్నాను. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు కాబట్టి వాటి జోలికి వెళ్ళను. నెలవారీ ప్రదర్శనలు, వేసవిలో పిల్లల సినిమాలు, పాత పోస్టర్లను స్కాన్ చేసే పని అనుకున్నట్టే జరిగాయి. జనం ఎక్కువగా వచ్చింది, గొడవ ఎక్కువగా జరిగింది మాత్రం ఒక్క సిరీస్‌కే. సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో ఇద్దరు మగ కథానాయకుల మధ్య, ఎక్కడా పైకి చెప్పకుండా నడిచే ఆకర్షణ గురించిన సిరీస్ అది. ఈ నివేదికలో ఎక్కువ భాగం దానికే పోతుంది, ఏమీ అనుకోకండి.

ప్రతిపాదన వచ్చిన రోజే ‘మనకెందుకీ తలనొప్పి’ అన్నవాళ్ళున్నారు. సెక్షన్ 377 మీద, స్వలింగ సంబంధం నేరం కాదన్న సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబర్‌లోనే వచ్చింది కదా, ఇంకా భయమేమిటని మరికొందరు వాదించారు. ఓటుకు పెడితే నెగ్గింది. తీరా చూస్తే తలనొప్పి వేరే వైపు నుంచి వచ్చింది. హాలు ఇస్తామన్నవాళ్ళు పోస్టర్ మీద ‘స్వలింగ’ అనే మాట తీసేయమన్నారు. మేం మాట తీయలేదు, హాలే మార్చుకున్నాం. కొత్త చోట కుర్చీలు కిర్రుమంటున్నాయన్న ఫిర్యాదు మా దృష్టికి వచ్చింది.

1935 నాటి ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’తో మొదలుపెట్టాం. దర్శకుడు జేమ్స్ వేల్ తాను గే అన్న సంగతిని ఆ రోజుల్లోనే హాలీవుడ్‌లో పెద్దగా దాచుకోని మనిషి. అంతకు ముందు ఏడాది నుంచే అక్కడి స్టూడియోలు హేస్ కోడ్‌ను, అంటే తమకు తామే పెట్టుకున్న సెన్సారు నియమావళిని, గట్టిగా అమలు చేస్తున్నాయి. స్వలింగ ప్రేమను ఆ కోడ్ వికృతి కింద జమకట్టి, దాని సూచన కూడా తెర మీద కనిపించకూడదంది. వేల్ ఏం చేశాడంటే, డాక్టర్ ప్రిటోరియస్ అనే ముసలి పెద్దమనిషిని ఓ రాత్రివేళ శాస్త్రవేత్త ఫ్రాంకెన్‌స్టైన్ పడకగదికి పంపాడు. పక్కన కాబోయే భార్య ఉంటే, మన విషయం రహస్యం, ఆమెను బయటికి పంపమంటాడు ఆయన. తర్వాత మగవాళ్ళిద్దరూ కలిసి, ఆడదాని ప్రమేయం లేకుండా ప్రాణి పుట్టించే పనిలో పడతారు. సెన్సారు కత్తెర పెట్టడానికి ఇందులో ఒక్క ముక్క దొరకదు. మన సభ్యుల్లో ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్ దీన్ని చూసి, ఇదంతా ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వనే, పైకి అనకుండా స్ఫురింపజేయడమే కదా అని నవ్వారు.

రెండో వారం ‘స్టార్ ట్రెక్’. 1979 సినిమాలో స్పాక్ ఆస్పత్రి మంచం మీద నుంచే తన అంతరిక్ష నౌక కెప్టెన్ కిర్క్ చేయి పట్టుకుంటాడు. అప్పటిదాకా తర్కం తప్ప మరొకటి పట్టనివాడు, ఇంత మామూలు అనుభూతి తమకు ఎదురైన మహాయంత్రానికి అర్థం కాదంటాడు. 1982 సినిమాలో ఇద్దరికీ మధ్య గాజు గోడ. అటు రేడియేషన్‌లో చనిపోతున్న స్పాక్, ఇటు కిర్క్, గాజుకు చెరో వైపు అరచేతులు. అమెరికాలో అభిమానులు, వాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళు, 1970లలోనే ఈ ఇద్దరినీ ప్రేమికులుగా రాసి ఫ్యాన్‌జైన్లలో, అంటే అభిమానులు సొంతంగా తెచ్చే పత్రికల్లో, అచ్చేసుకున్నారు. రెండు పేర్ల మధ్య వాళ్ళు గీసిన అడ్డగీత నుంచే ‘స్లాష్’ అనే సాహిత్య శాఖకు పేరొచ్చింది. సినిమా వాళ్ళకు మాత్రం ఈ వరసలో ఒక గే పాత్రను పైకి చూపించడానికి 2016 దాకా పట్టింది. అదీ నౌక నడిపే సులు తన భర్తనూ కూతురినీ కలుసుకునే కొన్ని సెకన్లే. మొదట ఆ పాత్ర వేసిన జార్జ్ టకే స్వయంగా గే అయినా, పాత పాత్రను మార్చడం నచ్చలేదన్నారు. దాని మీద ఆ రోజు టీ చల్లారిపోయేదాకా వాదించుకున్నారు.

‘ఎనిమీ మైన్’ (1985) గురించి క్లుప్తంగా చెప్తాను. శత్రువులైన మనిషీ గ్రహాంతరవాసీ ఒక పాడు గ్రహం మీద చిక్కుకుని, ఒకరి కోసం ఒకరు బతుకుతారు. ఆ జీవికి ఆడామగా తేడా లేదని కథ చెప్తుంది, అది గర్భం కూడా దాలుస్తుంది. వేషం వేసింది మాత్రం లూయిస్ గాసెట్ జూనియర్. గ్రహాంతరవాసి అన్న సాకు లేకపోతే పెద్ద స్టూడియో ఆ కథకు డబ్బు పెట్టేది కాదని నా అభిప్రాయం.

సిరీస్ మొత్తంలో నన్ను వదలని సినిమా ‘గట్టాకా’ (1997). జన్యువులను బట్టే ఉద్యోగాలిచ్చే లోకంలో విన్సెంట్‌కు అంతరిక్షానికి వెళ్ళాలని ఉంటుంది. జన్యువుల్లో ఏ లోపమూ లేని జెరోమ్ చక్రాల కుర్చీలో ఉంటాడు. జెరోమ్ పేరుతో, అతని జన్యువులు చూపించి విన్సెంట్ ఉద్యోగంలో చేరతాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. జెరోమ్ తన రక్తాన్ని చిన్న సంచుల్లోకి, మూత్రాన్ని పౌచ్‌లలోకి ఎక్కించి, రాలిన వెంట్రుకలు, చర్మపు పొట్టు ఏరి పెడతాడు. విన్సెంట్ తన ఒంటి మీది చర్మాన్ని రుద్ది రుద్ది వదిలించుకుని, వేలి కొనకు అవతలివాడి రక్తం ఉన్న తొడుగు అంటించుకుని ఆఫీసుకు వెళ్తాడు. ఒకడి ఒళ్ళు ఇంకొకడు ఇంతగా ఎరిగిన ప్రేమకథలు మామూలు రొమాన్స్ సినిమాల్లోనూ తక్కువే. ఉమా థర్మన్‌తో నడిచే ప్రేమ దాని పక్కన రిజిస్టర్‌లో హాజరు వేయించుకున్నట్టుంటుంది. జెరోమ్ చివర్లో ఇచ్చే కవరులో ఏముందో చూడనివాళ్ళ కోసం చెప్పడం లేదు. లైబ్రరీలో డిస్క్ ఉంది, తీసుకెళ్ళండి.

ఆ రాత్రే ‘ఆర్ఆర్ఆర్’ ప్రస్తావన వచ్చింది. సైన్స్ ఫిక్షన్ కాకపోయినా ఆపలేకపోయాం. 2022లో సౌండ్ డిజైనర్ రసూల్ పూకుట్టి దాన్ని గే ప్రేమకథ అంటే మన దగ్గర ఎంత దుమారం రేగిందో గుర్తుందిగా. అది గే కథ కాదనుకుంటున్నా, అయినా తప్పేముందని ‘బాహుబలి’ నిర్మాత శోభు యార్లగడ్డ అప్పుడే అడిగారు. మన ఊళ్ళలో మగాళ్ళు భుజాల మీద చేతులేసుకుని తిరగడం మామూలే కాబట్టి, బయటివాళ్ళు పొరబడ్డారని పెద్దవాళ్ళ వాదన. అది నిజమే. కానీ ‘వాళ్ళు ఫ్రెండ్సే’ అన్న మాటతో ఎదుటివాడి నోరు మూయించడం నాకు నచ్చదు. మన హాల్లోనే, ఆ మాట విని మౌనంగా కూర్చున్న కుర్రాళ్ళను చూశాను.

చివరి ప్రదర్శన ‘స్టార్ వార్స్’ వరసలోని ‘ద ఫోర్స్ అవేకెన్స్’ (2015). అందులో పైలట్ పో జాకెట్‌ను అతని స్నేహితుడు ఫిన్ వేసుకోవడం, పో దాన్ని అతన్నే ఉంచుకోమనడం చూసి అభిమానులు ఎంతో ఆశపడ్డారు. తన వరకు తాను ఆ బంధాన్ని ప్రేమగానే నటించానని పో వేషం వేసిన ఆస్కార్ ఐజాక్ కూడా అన్నాడు. 2019లో మూడో సినిమా వచ్చేసరికి దక్కింది వేరే ఇద్దరు ఆడవాళ్ళ మధ్య రెప్పపాటు ముద్దు. సింగపూర్‌లో అదీ కత్తిరించేశారు. వేల్ కాలంలో కోడ్‌కు భయపడి దాచారు. ఇప్పుడు దాస్తున్నది మార్కెట్ లెక్కలు చూసుకుని. మొదటిదాంట్లో కనీసం పనితనం ఉంది.

వచ్చే ఏడాదికి కాలప్రయాణం సినిమాలు తీసుకోవాలని కార్యవర్గం ఆలోచన. ‘ఆదిత్య 369’ మంచి ప్రింట్ కోసం ప్రయత్నిస్తున్నాం, ఎవరి దగ్గరైనా దారి ఉంటే చెప్పండి. సభ్యత్వ రుసుము పెంపు, కొత్త కార్యవర్గం ఎన్నిక టిఫిన్ తర్వాత ఓటుకు వస్తాయి. బకాయి ఉన్నవాళ్ళు ఆలోపు కోశాధికారిని కలిస్తేనే ఓటు.

కార్యదర్శి