కుమ్మరి కప్ప కోసం కేంద్ర పర్యావరణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

శివమొగ్గలో స్థిరపడిన తెలుగువాడిని. పక్కనున్న ఉత్తర కన్నడ జిల్లాలో, అడవి జాజికాయ చెట్లు వేళ్లు తేలి నిలబడే కత్తలెకాన్ చిత్తడి వాగుల్లో బతికే ఒక చిన్న గోధుమరంగు కప్ప గురించి మీకు విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను. పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని రాత్రికప్పల ప్రజాతికి చెందిన దీన్ని 2014లో శాస్త్రవేత్తలు కొత్త జాతిగా వర్ణించి, నిక్టిబాట్రాకస్ కుంబార అని పేరు పెట్టారు. కన్నడంలో కుంబార అంటే మన కుమ్మరే.

ఆ పేరు ఎందుకు వచ్చిందో కిందటి వానాకాలం ఒక పరిశోధక విద్యార్థి వెంట వెళ్లి కళ్లారా చూశాను. నీటికి కాస్త పైన పుల్లకు గుడ్లు అంటించి ఆడకప్ప వెళ్లిపోయాక, మగకప్ప వెనక కాళ్లమీద నిలబడి, వాగు అడుగునుంచి ముందుచేతులతో మెత్తటి మట్టి తీసి గుడ్లమీద మెత్తసాగింది. తీసిన మట్టిలో కొంత నీళ్లలోకి జారిపోయేది. మళ్లీ వంగి తీసేది. గుడ్లు ఎండిపోకుండా, శత్రువుల కంటబడకుండా ఈ పూత కాపాడుతుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. గుడ్లలోంచి బయటికొచ్చిన తోకకప్పలు కింద ఉన్న నీళ్లలోకి రాలిపడతాయి.

కింద నీళ్లుంటేనే కదా, అయ్యా! వాగును మళ్లిస్తే అవి రాళ్లమీద పడతాయి. ఎగువన తవ్విపోసిన మట్టి వానకు కొట్టుకొచ్చి వాగు పొంగితే, పూతతో సహా గుడ్లే పోతాయి. ఈ కప్పకు మట్టి ఎంత అవసరమో, నీటిమట్టం నిలకడగా ఉండడమూ అంతే అవసరం.

ఈ ప్రాంతంలోనే, శరావతి లోయ సింగళీకాల (సింహపు తోక కోతుల) అభయారణ్యంలో, తలకళలె, గేరుసొప్ప జలాశయాల మధ్య కింది జలాశయం నీటిని పైదానిలోకి ఎత్తిపోసి, అవసరమైనప్పుడు వదిలి కరెంటు తీసే 2000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టును ప్రతిపాదించారు. కరెంటు అవసరాన్ని నేను కాదనడం లేదు. కానీ రాత్రిపూట, అదీ వానల్లో ఇలా గుడ్లను కాచుకునే జీవి పగలు, ఎండాకాలంలో చేసే సర్వేకు చిక్కదు. జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘానికి అధ్యక్షులు మీరే కాబట్టి, అభయారణ్యంలోని ఏ ప్రాజెక్టు ఫైలైనా, ఒక వానాకాలం పొడవునా రాత్రివేళ చిన్న వాగుల వెంట నడిచి చేసిన ఉభయచరాల సర్వే జత చేయనిదే ముందుకు కదలకుండా ఆదేశించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
శివమొగ్గలోని ఒక తెలుగు పౌరుడు