తెల్లదోమకు లేని సరిహద్దు పరిశోధనకెందుకు?

సంపాదకులకు నమస్కారం.

మాది మదనపల్లె దగ్గర పల్లె, ఇరవై ఏళ్లుగా టమాటా పెడుతున్నాం. పోయిన ఎండాకాలం ఎకరంన్నరకు నర్సరీ నారు తెచ్చి, మల్చింగ్ షీటు పరిచి, డ్రిప్ వేసి, కర్రలు నాటి దారం కూడా కట్టేశాక, నెల దాటగానే చిగుర్లు ముడుచుకోవడం మొదలైంది. మొక్కను కదిపితే చాలు, ఆకుల అడుగు నుంచి తెల్లదోమ పొగలా లేచేది. పది రోజుల్లో సగం చేను ఆకుముడత. పూత రాలిపోయింది, నిలిచిన కాయ నిమ్మకాయంత కూడా కాలేదు. నర్సరీ వాళ్లను అడిగితే విత్తనం అన్నారు, విత్తనం అమ్మినవాళ్లను అడిగితే దోమ అన్నారు.

తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్‌కు మందు లేదు. మనం కొట్టేదంతా దోమకే, అదీ కొన్నాళ్లకు మందుకు అలవాటు పడిపోతుంది. తట్టుకునే రకమే దారి. ఆ పని జరగలేదని నేననను. బెంగళూరు హెసరఘట్టలోని ఐఐహెచ్ఆర్ (భారత ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్లు ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకునేలా అర్క రక్షక్ హైబ్రిడ్ తెచ్చారు. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం ఎండు తెగులు ఉన్న నేలల కోసం వంగ మొక్క మీద టమాటా అంటు కట్టే పద్ధతి చూపించింది, ఆ సంస్థ వాళ్లే మన పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఆవరణలో కూడా పనిచేస్తున్నారు. వెంకటరామన్నగూడెంలో మన ఉద్యాన విశ్వవిద్యాలయం ఉండనే ఉంది.

వీళ్లంతా కలిసి మా చేలల్లోకి రావాలన్నదే నా మాట. సరిహద్దు అవతల కర్ణాటకలోని కోలారు, చింతామణి వైపు నుంచి మాకు నారు వస్తుంది, కాయ అటూ ఇటూ పోతుంది, వాటితోపాటు దోమా వైరస్సూ. ఆకుముడత వైరస్‌లో రకాలున్నాయి, అడవి టమాటాల నుంచి తెచ్చిన ఒక్క జన్యువునే నమ్ముకుంటే వైరస్ రకం మారినప్పుడు ఆ హైబ్రిడ్ చేతులెత్తేస్తుంది. అందుకే అవే టమాటా రకాలను ఒకే వారంలో కోలారులోనూ మదనపల్లెలోనూ నాటి, ముడత పడిన ఆకులను రెండుచోట్ల నుంచీ ఒకే ల్యాబ్‌కు పంపి, ఏ రకం ఎక్కడ నిలబడిందో రైతులను చేలోకే పిలిచి చూపించాలి. నర్సరీలను కూడా ఇందులోకి తేవాలి, ఎందుకంటే దోమ దూరని సన్న నెట్ కింద పెంచని నారు ఎంత మంచి రకమైనా చిన్నప్పుడే వైరస్ అంటించుకుని వస్తుంది. విత్తన ప్యాకెట్ మీద 'వైరస్‌ను తట్టుకుంటుంది' అని వేస్తే చాలదు, ఏ వైరస్‌నో, ఎక్కడ పరీక్షించారో తెలుగులో వేయాలి.

ట్రయల్‌కు అర ఎకరం నేనిస్తాను. బోరులో నీళ్లున్నాయి, డ్రిప్ ఉంది, కర్రలూ ఉన్నాయి. ఫిబ్రవరి నాటుకు వస్తే తెల్లదోమ కూడా సిద్ధంగా ఉంటుంది.

– ఒక టమాటా రైతు, మదనపల్లె