అమ్మడూ, ఏ పెట్రోల్ పోయించాలంటే

చి. అమ్మడుకి,
నాన్న ఆశీస్సులు.

పాతదైనా నీ డబ్బుతో కారు కొనుక్కున్నావు, సంతోషం. ప్రీమియం పెట్రోల్ పోయించాలా, మామూలుది చాలా అని అడిగావు కదా. ఫోన్లో హడావిడిగా చెప్పే సంగతి కాదని రాస్తున్నా.

పెట్రోల్ పోసే చోట ఉండే చిన్న తలుపు తెరిచి, లోపలివైపు చూడు. ఎంత ఆక్టేన్ కావాలో చాలా కార్లకి అక్కడే రాసి ఉంటుంది. ప్రీమియం అంటే ఈ ఆక్టేన్ నంబరు ఎక్కువున్న పెట్రోలే. లేకపోతే కారుతో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. ఎవరి సలహా అయినా, నాదైనా సరే, దాని తర్వాతే.

ఆక్టేన్ నంబరు పెద్దదైతే పెట్రోల్‌కి బలం ఎక్కువని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. సిలిండర్‌లో గాలి, పెట్రోల్ కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ గట్టిగా నొక్కుతుంది. స్పార్క్ ప్లగ్ దగ్గర మొదలైన మంట వరసగా పాకాలి. అది చేరేలోపే మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తాను అంటుకుంటే ఇంజిన్ టకటకమంటుంది. మెకానిక్‌లు నాకింగ్ అనేది దాన్నే. అలా అంటుకోకుండా పెట్రోల్ ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పేదే ఆ నంబరు. గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో ఉన్న ఇంజిన్లూ, కంప్రెషన్ ఎక్కువున్నవీ, అంటే మిశ్రమాన్ని మరీ గట్టిగా నొక్కేవీ, సాధారణంగా పెద్ద నంబరు అడుగుతాయి. 91 చాలని రాసిన మామూలు ఇంజిన్‌లో 98 పోస్తే పర్సు తేలికవడం తప్ప పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఇంజిన్‌ని శుభ్రంగా ఉంచేది పెట్రోల్‌లో కలిపే డిటర్జెంట్లు, ఆక్టేన్ కాదు. ప్రీమియం అని పేరు పెట్టినవాడెవడో కానీ వ్యాపారం తెలిసినవాడు!

ప్రీమియం "తప్పనిసరి" అని రాసి ఉంటే మాత్రం పిసినారితనం చెయ్యకు. "మంచిది" అని మాత్రమే ఉంటే మామూలుది పోసినా నడుస్తుంది. అలాంటి కార్లలో సాధారణంగా నాకింగ్‌ని పసిగట్టే సెన్సర్ ఉంటుంది, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేసి సర్దుకుంటుంది. పికప్, మైలేజీ కొంచెం తగ్గొచ్చు.

నంబర్లు చూసి టెన్షన్ పడకు. చాలా దేశాల్లో రాసేది ఆర్‌ఓఎన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబర్) లెక్క. అమెరికాలో లెక్క వేరు, అక్కడి 87 అంటే సుమారు 91 ఆర్‌ఓఎన్. పుస్తకంలో ఏ లెక్క వాడారో చూసి, బంకులో నంబరుతో పోల్చుకో.

పాత కారు కాబట్టి ఆక్టేన్ కన్నా ఇథనాల్, అంటే పెట్రోల్‌లో కలిపే ఆల్కహాల్, సంగతే నాకు ఎక్కువ పట్టింపు. ఈ10 అంటే పది శాతం వరకు ఇథనాల్, ఈ20 అంటే ఇరవై. లీటరుకి లెక్కేస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ, అందుకే ఈ10తో మైలేజీ మూడు శాతం దాకా పడిపోతుంది. పాత రబ్బరు పైపుల్నీ, సీళ్లనీ అది పాడు చెయ్యొచ్చు. తేమనీ పీల్చుకుంటుంది, కాబట్టి ట్యాంకులో పెట్రోల్‌తో కారుని నెలల తరబడి కదపకుండా ఉంచకు. ఎంత శాతం వరకు పనికొస్తుందో ఆ పుస్తకంలోనే చూసి నాకు రాయి, మోడల్ ఏ సంవత్సరందో కూడా.

ఎప్పుడైనా పొరపాటున డీజిల్ పోస్తే స్టార్ట్ చెయ్యకు, తాళం కూడా తిప్పకు. పక్కకి నెట్టించి, మెకానిక్‌ని పిలిచి ట్యాంకు ఖాళీ చేయించు. స్టార్ట్ చేశావంటే అది పైపుల్లోకి, ఇంజెక్టర్లలోకి పాకుతుంది, ఖర్చు ఎన్నో రెట్లవుతుంది.

ఇట్లు,
నాన్న