వార్డుకు మళ్లీ మళ్లీ నిలబడేవారికి ఓడిన మర్నాటి పని

గౌరవనీయులైన సంపాదకులకు,

పంచాయతీ ఎన్నికలు ముగిసిన ప్రతిసారీ జిల్లా పేజీల్లో ఒక బాక్సు వార్త వస్తుంది. ఊళ్లో రక్తదాన శిబిరాలు పెట్టించి, వీధి కుళాయి కోసం ఎంపీడీవో (మండల పరిషత్ అభివృద్ధి అధికారి) ఆఫీసు చుట్టూ తిరిగి, పింఛను కాగితాలు రాసిపెట్టే మనిషి మూడోసారో నాలుగోసారో నిలబడి ఓడిపోయాడని. వార్తలో వెటకారం లేకపోతే జాలి ఉంటుంది. రెండింటిలో ఏదీ ఆ మనిషికి అక్కరకు రాదు. ఎందుకు ఓడాడన్నది మాత్రం ఎవరూ రాయరు. డబ్బు లేక ఓడాడని ఊళ్లో అనుకుంటారు, అది సగమే నిజం. చాలామంది సేవ చేసేవాళ్లు ఎన్నికల పనిని సేవకు కొనసాగింపు అనుకుంటారు. అది వేరే పని. దాని కాగితాలు, లెక్కలు వేరు. తెలంగాణ గ్రామ పంచాయతీల అనుభవంతో ఆ తేడా గురించి కొన్ని సంగతులు రాస్తున్నాం.

ముందు గుర్తు సంగతి. పంచాయతీ బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు ఉండదు. గుర్తులు మాత్రమే ఉంటాయి, చివర నోటా (ఎవరికీ కాదు అనే గడి). సర్పంచికి గులాబీ కాగితం, వార్డు సభ్యుడికి తెల్ల కాగితం. ఊరంతా పేరు పెట్టి పిలిచే మనిషికి ఇక్కడే మొదటి దెబ్బ. ఓటరు పోలింగ్ కేంద్రంలోకి వెళ్లాక ఆ పేరు ఎక్కడా కనపడదు. పార్టీ గుర్తులు ఈ ఎన్నికల్లో లేవు కాబట్టి అందరి పరిస్థితీ ఒకటే అనిపిస్తుంది గానీ, పార్టీల బలం ఉన్నవాళ్లకు కొత్త గుర్తును ఇంటింటికీ చేర్చే మనుషులుంటారు. ఒంటరి అభ్యర్థికి ఉండరు.

గుర్తును ఊరికి చేర్చడానికి ఉన్న సమయమూ చాలా తక్కువ. 2025 డిసెంబరు ఎన్నికల మొదటి విడతనే చూడండి. నామినేషన్లు నవంబరు 27 నుంచి 29 వరకు. పరిశీలన 30న. ఉపసంహరణ డిసెంబరు 3 మధ్యాహ్నం 3 గంటల దాకా. ఆ తర్వాతే గుర్తు తెలుస్తుంది. పోలింగ్ 11న. ప్రచారం 9 సాయంత్రానికే బంద్. అంటే గుర్తు చేతికొచ్చాక మిగిలింది ఆరు రోజులు. దాన్ని ఎంచుకునే వీలు కూడా లేదు. మిగిలిన అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షర క్రమంలో పేర్చి, ఎన్నికల సంఘం ఇచ్చిన వరుసలోంచి ఒక్కొక్కరికి ఒక్కొక్కటి కేటాయిస్తారు. సర్పంచికి ఉంగరం, కత్తెర, బ్యాట్, ఫుట్‌బాల్ లాంటివి. వార్డుకు గ్యాస్ పొయ్యి, స్టూలు, బీరువా, ఈల లాంటివి. పక్కవాడు ఉపసంహరించుకుంటే మన గుర్తు మారిపోవచ్చు. మళ్లీ నిలబడినవాళ్లకు ఇంకో చిక్కు: కిందటిసారి గుర్తే ఈసారీ వస్తుందన్న నమ్మకం లేదు. కిందటిసారి ఈల గుర్తు అని ముసలివాళ్లకు నేర్పిన కార్యకర్తలు ఈసారి అదే ఈల ప్రత్యర్థి గుర్తయితే తలపట్టుకోవాల్సిందే. అందుకే పాత కరపత్రాలు, గోడ మీద పాత బొమ్మలు ఏవీ మిగలకుండా ముందే తీసేయాలి. కొత్త గుర్తు వచ్చిన సాయంత్రమే కరపత్రం ప్రెస్‌కు వెళ్లాలి. మిగతా మాటలన్నీ ముందే రాసి, ఫొటో పెట్టి, గుర్తు చోటు ఖాళీగా ఉంచి డిజైన్ సిద్ధం చేసుకున్నవాడికి ఒక రోజు కలిసొస్తుంది. ఆరు రోజుల్లో ఒక రోజంటే చిన్నది కాదు. కరపత్రం మీద ప్రింటరు పేరు, ఎన్ని కాపీలో తప్పకుండా వేయించాలి. అది లెక్కల్లోకీ పనికొస్తుంది.

ఇంకో మాట ఉంది, దీన్ని వార్డు అభ్యర్థులు సాధారణంగా మరిచిపోతారు. ఓటరుకు చేతికొచ్చేవి రెండు కాగితాలు. సర్పంచి పోటీలో బలమైన ఇద్దరు వార్డుకొకరిని తమ ప్యానెల్‌గా నిలబెడతారు. సేవ చేసే మనిషి ఆ గొడవలో ఏదో ఒక వైపు మాట్లాడిన రోజే రెండో వైపు ఓట్లు పోతాయి. ‘గులాబీ కాగితం మీ ఇష్టం, తెల్ల కాగితం మీద మాత్రం ఈ గుర్తు’ అని అడిగేవాడికి రెండు వైపుల ఇళ్లలోంచీ ఓట్లు వస్తాయి. పలుకుబడి లేనివాడికి ఉన్న ఒకే ఒక్క సౌకర్యం ఇది.

చెల్లని ఓట్ల సంగతీ చెప్పాలి. వార్డులో తేడా ఒకటి రెండు ఓట్లే ఉండొచ్చు. సమానంగా వస్తే లాటరీయే. ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడడం, ముద్రకు బదులు వేలిముద్ర వేయడం, కాగితం మీద సంతకం పెట్టడం – ఇవీ ఓటు పాడయ్యే తీరులు. ముద్ర వేశాక కాగితాన్ని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. ఈ వరుస తప్పి మడిస్తే తడి సిరా పక్క గుర్తు మీద అంటుతుంది, లెక్కింపు బల్ల దగ్గర వాదన మొదలవుతుంది. మహిళా సంఘం సమావేశాల్లో నమూనా కాగితంతో ఈ మడత చూపిస్తే చాలు. నమూనా అసలు బ్యాలెట్ రంగులో మాత్రం ఉండకూడదు.

గుర్తు కన్నా ముందే మొదలవ్వాల్సింది ఓటరు జాబితా పని. ఓడిన మర్నాడే మొదలవ్వాలంటాం. పంచాయతీ జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తీస్తారు. అసెంబ్లీ జాబితాలో లేని పేరు వార్డు జాబితాలోకి రాదు. కాబట్టి కొత్తగా 18 నిండినవాళ్లకు ఏడాది పొడవునా బీఎల్‌వో (పోలింగ్ కేంద్రం ఓటరు జాబితా చూసే ఉద్యోగి) ద్వారానో ఆన్‌లైన్‌లోనో ఫారం 6 పెట్టించాలి. చనిపోయినవాళ్ల పేర్లకు ఫారం 7. తప్పుల సవరణకు, ఇల్లు మారినవాళ్లకు, వేరే ఊళ్లో ఓటుండి కోడలిగా వచ్చినవాళ్లకు ఫారం 8. రక్తం ఇప్పించే మనిషికి ఈ ఫారాలు నింపించడం పెద్ద కష్టం కాదు, అలవాటు లేదంతే. ఇంకా పెద్ద నష్టం వార్డుల విభజన దగ్గర జరుగుతుంది. ఇంటి నంబరు తప్పుపడితే ఒక వీధిలోని నాలుగిళ్లు పక్క వార్డు జాబితాలోకి వెళ్లిపోతాయి. ముసాయిదా ప్రచురించిన కొద్ది రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోకపోతే పోలింగ్ రోజు ఏం అరిచినా లాభం లేదు. ముసాయిదా పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించగానే దాన్ని ఇంటి నంబర్ల వారీగా ఒకసారి వీధిలో నడుస్తూ సరిచూడాలి. ఇంట్లో కూర్చుని చదివితే తప్పు దొరకదు.

ఇక లెక్క. 2025 డిసెంబరులో మూడు విడతల్లోనూ పోలింగ్ 84 శాతం దాటింది. 160 ఓట్ల వార్డులో ఆ లెక్కన 134 మంది వస్తారు. ముగ్గురు పోటీలో ఉంటే ఓట్లు ఎంత సమానంగా చీలినా గెలవడానికి కనీసం 46 కావాలి. 68 వస్తే ఎవరెంత చీల్చినా భయం లేదు. ‘ఊరంతా మనవాళ్లే’ అనే మనిషిని ఆ 68 పేర్లు కాగితం మీద రాయమని అడగండి. నలభై దగ్గర కలం ఆగిపోతుంది. రాసిన పేర్లలో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లెందరు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లెందరు, ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 వరకే జరిగే పోలింగ్‌కు కూలి పని మాని రాగలిగేవాళ్లెందరు అని విడదీయాలి. ఓడినవాడు చేయాల్సిన మొదటి పని ఈ జాబితాను వచ్చిన ఓట్లతో పోల్చి చూసుకోవడమే.

నామినేషన్ దగ్గర ఆగిపోయేవారూ ఉన్నారు, వాళ్ల గురించి క్లుప్తంగా. వార్డుకు డిపాజిట్ 500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 250. సర్పంచికి 2,000, 1,000. పంచాయతీ జాబితాలో ఓటున్నవారు ఏ వార్డుకైనా పోటీ చేయొచ్చు గానీ ప్రతిపాదించే మనిషి మాత్రం ఆ వార్డు ఓటరై ఉండాలి. ఇక్కడ తప్పు చేసి తిరస్కరణకు గురైనవాళ్లు తక్కువేం కాదు. అందుకే వేరే ప్రతిపాదకుడితో రెండో సెట్ నామినేషన్ కాగితాలు కూడా వేయాలి. ఇంటి పన్ను, నీటి పన్ను బకాయి తీర్చిన రసీదు, రిజర్వు సీటైతే కుల ధ్రువపత్రం, సాక్షుల సంతకాలున్న స్వీయ ప్రకటన ఉండాలి. ప్రకటనలో ఏ గడీ ఖాళీ వదలకూడదు, వర్తించకపోతే ‘లేదు’ అని రాయాలి. తిరస్కరిస్తే అప్పీలు ఆర్డీవో దగ్గర, దానికి ఒక్క రోజే గడువు.

సేవ చేసేవాళ్లను ప్రత్యేకంగా హెచ్చరించాల్సిన సంగతి ఒకటుంది. గ్రామ సేవకులు, ప్రభుత్వ, స్థానిక సంస్థల ఉద్యోగులు, సర్కారు సాయం పొందే సంస్థల్లో పనిచేసేవాళ్లు పోటీకి అనర్హులు. అంగన్‌వాడీ కార్యకర్తలకూ వీల్లేదు. గౌరవ వేతనం ఎంత చిన్నదైనా అది ఎక్కడి నుంచి వస్తోందో చూసుకోవాలి. రాజీనామా ఇచ్చామంటే సరిపోదు, ఆమోదించిన ఉత్తర్వు చేతిలో పెట్టుకుని నామినేషన్‌కు వెళ్లాలి.

రిజర్వేషన్ మారి తన సీటు మహిళకు వెళ్తే చాలామంది భార్యను నిలబెడతారు. మాకిది నచ్చదు. సగం స్థానాలు మహిళలవని తెలిసినప్పుడు, మహిళా సంఘంలో బ్యాంకు లెక్కలు నడిపే మహిళను ఆమె పేరుతోనే ముందు నుంచి ఊరికి పరిచయం చేయడం న్యాయం. మహిళలకు జనరల్ స్థానంలోనూ పోటీ చేసే హక్కుందన్న సంగతి ఇంకా చాలా ఊళ్లలో తెలీదు.

ఏకగ్రీవం ఒత్తిడి వేరే రకం. గుడికో బడికో డబ్బు ఇస్తానన్నవాడికి పదవి వేలం వేసి, ‘నువ్వు ఊరి మేలు కోరేవాడివి కదా, తప్పుకో’ అని సేవ చేసే మనిషినే ముందుగా అడుగుతారు. వేలం చట్టవిరుద్ధం. ఉపసంహరణ పత్రం మీద సంతకం పెట్టాలా వద్దా అన్నది అభ్యర్థి ఇష్టం.

గెలవకుండా పోటీ చేయడం దండగ అనేవాళ్లకు మా జిల్లా సంగతి ఒకటి గుర్తు చేయాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది బరిలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్న ఊళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని జలసాధన సమితి పిలుపుతో వేసిన నామినేషన్లవి. పుస్తకమంత బ్యాలెట్ అచ్చువేయాల్సి వచ్చి పోలింగే వాయిదా పడింది. 477 మంది డిపాజిట్లు పోయాయి. నల్లగొండ నీళ్ల గోడు మాత్రం దేశమంతా తెలిసింది. అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు పెంచారు, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. 2019లో నిజామాబాద్ పసుపు రైతులు అదే దారి పట్టినప్పుడు అభ్యర్థులు 185 మంది. అయితే ఈ రెండూ ఒక్కసారి చేసే నిరసనలు. ఒకే వార్డుకు పదేపదే నిలబడే మనిషి నిరసనకు కాదు, గెలవడానికే నిలబడుతున్నాడు. ఆయన్ను ఆ కొలతతోనే చూడాలి.

ఓడాక కూడా చట్టంలో పని చేసే చోట్లున్నాయి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కలు, పనుల మీద స్థాయీ సంఘాలుంటాయి. కో-ఆప్షన్ సభ్యులుగా, అంటే ఎన్నిక లేకుండా, ముగ్గుర్ని తీసుకుంటారు. గ్రామసభలో అడిగిన ప్రశ్న తీర్మానాల పుస్తకంలో ఎక్కిందో లేదో చూసి, ఎక్కకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, గ్రామ స్థాయిలో దానికి రుసుము కూడా లేదు. వచ్చే ఎన్నికల కరపత్రంలో వేసుకోవాల్సింది ఇలాంటి తీర్మానాల నంబర్లు, తేదీలు. పూలదండల ఫొటోలు కాదు.

చివరగా ఖర్చుల లెక్క. 5,000 లోపు జనాభా ఉన్న పంచాయతీలో వార్డుకు 30,000, సర్పంచికి లక్షా యాభై వేలు పరిమితి. 5,000 దాటితే వార్డుకు 50,000, సర్పంచికి రెండున్నర లక్షలు. ఫలితం వెలువడిన 45 రోజుల్లోపు లెక్కలు ఎంపీడీవోకు ఇవ్వాలి. గెలిచినవాళ్లే ఇవ్వాలనుకుని ఓడినవాళ్లు చాలామంది వదిలేస్తారు. ఓడినవాళ్లూ ఇవ్వాలి, ఏకగ్రీవమైనవాళ్లూ ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత. మళ్లీ పంచాయతీ ఎన్నికలు ఐదేళ్లకు కదా, మూడేళ్లు ఏం చేస్తాయని కొందరి ధీమా. ఆ మూడేళ్లు మొదలయ్యేది ఉత్తర్వు ఇచ్చిన రోజు నుంచి. ఆ ఉత్తర్వు ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. మధ్యలో ఉప ఎన్నికలున్నాయి, ఎంపీటీసీ ఎన్నికలున్నాయి. ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టలేదన్నవాడు సైతం ‘శూన్యం’ అని రాసి ఇచ్చి, తేదీతో రసీదు తీసుకోవాలి. రోజువారీ పుస్తకం, బిల్లులు, ఎన్నికల కోసం విడిగా తెరిచిన బ్యాంకు ఖాతా వివరాలు జతచేస్తే చాలు.

సంపాదకులను మేం కోరేది ఇదే. ఎవరు ఎన్నోసారి ఓడారన్న బాక్సు వేసే చోట, ఆ మండలంలో లెక్కలు ఇవ్వాల్సిన చివరి తేదీ, ఎంపీడీవో ఆఫీసులో ఏ కాగితాలు ఇవ్వాలి, ఇప్పటివరకు ఎందరు ఇచ్చారు అన్నది వేయండి.

ఇట్లు,
పంచాయతీ ఎన్నికల విధుల్లో పనిచేసిన కొందరు విశ్రాంత ఉద్యోగులు,
నల్లగొండ జిల్లా