పాట రికార్డయినా బయటికి రాదు

సంపాదకుడు గారికి,

ర్యాపర్లంటే పార్టీలు, కార్లు తప్ప మన పత్రికలకు ఇంకేమీ కనబడదు. అమెరికా హిప్‌హాప్ బృందం బ్లాక్ ఐడ్ పీస్‌లోని ర్యాపర్ యాపిల్ డి యాప్‌ సంగతే తీసుకోండి. అసలు పేరు అలన్ పినేడా. 1974లో ఫిలిప్పీన్స్‌లోని ఏంజెలెస్ నగరంలో, అమెరికా వైమానిక స్థావరం పక్కన పుట్టాడు. చూపు బాగా తక్కువ. 14 ఏళ్లకు లాస్ ఏంజెలెస్‌కు దత్తత వెళ్లాడు.

బ్లాక్ ఐడ్ పీస్‌లోనే మరో ర్యాపరైన విల్.ఐ.యామ్‌తో కలిసి అతను పనిచేసిన తొలి బృందాన్ని 1992లో ర్యాపర్ ఈజీ-ఈ తన రికార్డింగ్ కంపెనీలోకి తీసుకున్నాడు. ఆల్బమ్ రికార్డయింది గానీ విడుదల కాలేదు. 1995లో ఈజీ-ఈ చనిపోవడంతో ఆ అవకాశమూ పోయింది. కంపెనీ ఒక్కరి ఇష్టం మీద నడిస్తే వచ్చే చిక్కే ఇది. మాస్టర్ రికార్డింగ్, అంటే స్టూడియోలో తయారైన అసలు రికార్డింగ్, మామూలుగా కంపెనీదే, పాడినవాడు దాన్ని సొంతంగా అమ్ముకోలేడు.

2003 నాటి బ్లాక్ ఐడ్ పీస్ ఆల్బమ్ 'ఎలిఫంక్'లో యాపిల్ డి యాప్ ఫిలిప్పీన్స్‌కు చెందిన ఆసిన్ బృందం పాత పాటను, అదీ అక్కడి తగలోగ్ భాషలోని పాటను, వాడుకున్నాడు. అలా ముక్క కోసి వాడాలంటే అనుమతులు రెండు కావాలి. బాణీ, సాహిత్యాల హక్కుదారుది ఒకటి, రికార్డింగ్ హక్కుదారుది మరొకటి. 2005లో 'బెబోట్' అనే పాటనైతే దాదాపు మొత్తం తగలోగ్‌లోనే పాడేశాడు, అదీ అమెరికా మార్కెట్లో!

పాత సినిమా పాటల మీద ర్యాప్ కట్టి యూట్యూబ్‌లో పెట్టే మన కుర్రాళ్లు ఆ రెండో అనుమతి దగ్గరే దొరికిపోతుంటారు.

– ఒక పాఠకుడు, విజయవాడ