లినక్స్ వేసుకుంటే చాలదు, డెస్క్‌టాప్‌ను కూడా ఎంచుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కావలసిన టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొత్త తరం ప్రాసెసర్ లేని పాత కంప్యూటర్లను పారేయకుండా, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోమనే సలహా అప్పటి నుంచి పత్రికల్లోనూ, కంప్యూటర్లు బాగుచేసేవారి నోటా తరచు వినిపిస్తోంది. సలహా మంచిదే కానీ సగంలో ఆగిపోతోంది. నిజానికి లినక్స్ అనేది లోపల ఉండి యంత్రాన్ని నడిపే కెర్నల్ అనే కేంద్రభాగం మాత్రమే. మనకు తెర మీద కనిపించే మెనూ, విండోలు, కింది పట్టీ, ఫోల్డర్లు అన్నీ డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అనే వేరే పొర పని. విండోస్‌లో ఆ పొర ఒక్కటే కనుక ఎంచుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. లినక్స్‌లో గ్నోమ్, కేడీఈ ప్లాస్మా, సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ వంటివి ఎన్నో ఉన్నాయి. అందులో ఏది వేశారన్న దాన్ని బట్టే ఆ కంప్యూటర్ నిలుస్తుందో మూలకు చేరుతుందో తేలుతుంది.

నగరంలో ఒక పాఠశాల ల్యాబ్‌లో జరిగింది చెబుతాను. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న యంత్రాలకు దాత ఒకరు గ్నోమ్ ఉన్న లినక్స్ వేయించి ఇచ్చారు. స్టార్ట్ బటన్ ఎడమ మూలన ఉంటుందని ఏళ్ల తరబడి అలవాటు పడిన ఉపాధ్యాయులకు అక్కడ అది కనిపించలేదు. విండోను కిందికి దించే బటన్ కూడా లేదు. గ్నోమ్‌ను ఉన్నదున్నట్టు వేస్తే విండో మూలన మూసే గుర్తు ఒక్కటే ఉంటుంది. దీనికి తోడు యంత్రం నెమ్మదిగా నడవడంతో కొద్ది వారాల్లోనే 'లినక్స్ మనకు పనికిరాదు' అని తేల్చి, పాత విండోస్‌నే మళ్లీ వేయించుకున్నారు. అక్కడ పనికిరానిది లినక్స్ కాదు, ఆ యంత్రాలకూ ఆ మనుషులకూ నప్పని డెస్క్‌టాప్. గ్నోమ్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. తగినంత ర్యామ్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్ మీద, కొత్త పద్ధతి నేర్చుకునే ఓపిక ఉన్న విద్యార్థికి అది చక్కగా ఉంటుంది.

ఇన్ని డెస్క్‌టాప్‌లు ఎందుకు పుట్టాయో తెలిస్తే ఎంపిక కొంత సులువవుతుంది. 2011లో వచ్చిన గ్నోమ్ 3 పాత మెనూ పద్ధతిని పూర్తిగా పక్కన పెట్టింది. అది నచ్చనివారు గ్నోమ్ 2ను మాటే పేరుతో కొనసాగించారు. లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్ బృందం పాత అమరికను కొత్త సాంకేతికత మీద నిలబెడుతూ సినమన్‌ను తయారుచేసింది. అంటే, విండోస్ అలవాటున్న గుమాస్తాకో, ఇంట్లో పెద్దవారికో సుపరిచితంగా ఉండే అమరికను కోరి నిలబెట్టుకున్నవారు పదిహేనేళ్ల కిందటే ఉన్నారు. అటువంటివారి కోసం 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రానికి సినమన్‌ను, 4 జీబీ ఉన్నదానికి ఎక్స్‌ఎఫ్‌సీఈనో మాటేనో, 2 జీబీతో నెట్టుకొస్తున్నదానికి ఎల్‌ఎక్స్‌క్యూటీని నేను సూచిస్తాను. అయితే తేలికపాటి డెస్క్‌టాప్‌తో మిగిలే ర్యామ్ కొన్ని వందల ఎంబీలే. బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే అది ఇట్టే కరిగిపోతుంది. కాబట్టి వీలైతే ముందుగా హార్డ్ డిస్క్ తీసి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ పెట్టించడం మేలు.

మన దగ్గర ఈ ఎంపికలో తెలుగు టైపింగ్‌కు పెద్దపీట వేయాలి. సలహాలిచ్చేవారు దాదాపుగా మరిచిపోయేది దీన్నే. గ్నోమ్‌లో ఐబస్ అనే టైపింగ్ సాధనం డెస్క్‌టాప్‌తోనే కలిసి ఉంటుంది. సెట్టింగుల్లో తెలుగును చేర్చి, విండోస్ మీట, స్పేస్‌బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఐబస్‌ను విడిగా స్థాపించి, దాన్నే వాడమని వ్యవస్థకు చెప్పి, ఒకసారి లాగవుట్ అయి తిరిగి రావాలి. ప్లాస్మాను వేల్యాండ్ (విండోలను తెర మీద చూపించే కొత్త పద్ధతి) మీద నడిపేటప్పుడు సెట్టింగుల్లోని వర్చువల్ కీబోర్డు విభాగంలోకి వెళ్లి ఐబస్‌నో, అలాంటిదే అయిన ఎఫ్‌సీఐటీఎక్స్‌నో ఎంచుకోవాలి. భౌతికమైన కీబోర్డు ఎదురుగా ఉన్నవారికి అక్కడ వెతకాలని తోచనే తోచదు. ఇవేవీ కష్టమైన పనులు కావు, కానీ ఎవరో ఒకరు ముందే చేసిపెట్టాలి. ఫాంట్ సంగతి కూడా చూసుకోవాలి. 'స్త్రీ శిశు సంక్షేమం' అని ఫోల్డర్‌కు పేరు పెట్టి చూడండి. వరుసల మధ్య ఎడం తక్కువున్న కొన్ని థీముల్లో వత్తుల అడుగుభాగం తెగిపోతుంది. నోటో ఫాంటో లోహిత్ ఫాంటో పెట్టి, అవసరమైతే థీమ్ మార్చి, ఆ పేరు పూర్తిగా కనిపించేదాకా సరిచేసిన తరువాతే యంత్రాన్ని అప్పగించాలి.

ఇంట్లో వాడుకునేవారు కంప్యూటర్‌లో స్థాపించకుండానే పెన్‌డ్రైవ్ మీద లైవ్‌గా నడిపి, రెండు మూడు డెస్క్‌టాప్‌లను చూసి నచ్చినది స్థాపించుకోవచ్చు. పాఠశాలలకు, గ్రంథాలయాలకు మాత్రం ఒక్కటే ఎంచుకుని ఏళ్ల తరబడి దాన్నే కొనసాగించాలని నా గట్టి అభిప్రాయం. కేరళలో పాఠశాలల సాంకేతిక అవసరాలు చూసే ప్రభుత్వ సంస్థ కైట్, ఉబుంటు అనే లినక్స్ రకం ఆధారంగా పాఠశాలల కోసం ఒకే వ్యవస్థను రూపొందించి, ఉపాధ్యాయులకు దాని మీదే శిక్షణ ఇస్తోంది. మన నగరంలో ఒక్కో దాత ఒక్కో రకం వేసి ఇస్తుంటే, బదిలీ మీద వచ్చిన ఉపాధ్యాయుడు ప్రతిసారీ మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుంది.

కంప్యూటర్లు విరాళమిచ్చే కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు ఏ డెస్క్‌టాప్ వేశారో, తెలుగు టైపింగ్‌కు ఏ మీటలు నొక్కాలో ఒక కాగితం మీద తెలుగులో రాసి యంత్రంతో పాటు ఇవ్వాలని కోరుతున్నాను. పాత కంప్యూటర్లపై మీ పత్రిక ఇకముందు ప్రచురించే వ్యాసాల్లో లినక్స్ పేరుతో పాటు డెస్క్‌టాప్ పేరు, దానికి కావలసిన ర్యామ్ వివరం కూడా ఇవ్వాలని మనవి.

ఇట్లు,
ఒక కంప్యూటర్ ఉపాధ్యాయురాలు,
పద్మారావునగర్, సికింద్రాబాద్